ఆదివారం బస్సులూ పల్లెల పేర్లూ

డెబ్బైలలో చిత్తూరులో ఉత్తరాలు విడదీసే పనిలో ఉన్నప్పుడు, జిల్లాలోని రెండు వేల పల్లెల పేర్లు నాకు కంఠతా వచ్చేవి. ఏ పల్లె ఉత్తరం ఏ తపాలా ఆఫీసుకు పోవాలో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

కాదులెండి. రెండు వందలు. అవీ కళ్ళు తెరిచి, పుస్తకం ముందు పెట్టుకుంటేనే.

అక్కడే చిక్కొచ్చింది. మాకొక పరీక్ష ఉండేది. ఎదురుగా చెక్క గళ్ళు, చేతిలో కార్డుల కట్ట, పక్కన గడియారం. కార్డు మీది పల్లె పేరు చూసి, దాన్ని సరైన తపాలా ఆఫీసు గడిలో వేయాలి. ఒకసారి తప్పాను. మళ్ళీ తప్పితే పాత పనికే, అంటే సంచులు మోయడానికే పోవాలి.

నా పక్క బల్ల ఆయన మాత్రం కార్డు చూసీ చూడకముందే గడిలోకి విసిరేవాడు. ఒక్కటీ తప్పేది కాదు. చదువు నాకంటే తక్కువ. మరి ఎలా? పొద్దున్నే ఏదో నములుతూ వచ్చేవాడు. జ్ఞాపకశక్తికి తినే సరస్వతి ఆకే అని తేల్చుకున్నాను. నేనూ నెల రోజులు పరగడుపున నమిలాను. మిగిలింది మా మేక తినేది.

"ఆకు తింటే ఊర్ల పేర్లు వస్తాయంటే, మన మేకకు ఈపాటికి జిల్లా అంతా తెలిసుండాల," అన్నది నా భార్య.

ఆ మేకనూ రెండు రోజులు అనుమానంగానే చూశాను. ఆయన నమిలేది పంటినొప్పికి లవంగం అని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం ఆయన బంగారుపాళ్యం బస్సెక్కడం చూశాను. సెలవు రోజు, అక్కడ చుట్టాలు లేరు, ఏం పని? మందిచ్చే సాధువెవడో ఉన్నాడు! తలకు తువ్వాలు చుట్టుకుని నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన దిగి, శెనక్కాయలు కొన్నాడు. టీ తాగుతూ, ఈ దారిన పోతే ఏయే పల్లెలొస్తాయని కొట్టు ఆయన్ని అడిగాడు. మామిడి తోపుల వెంబడి కాస్త నడిచి, తిరుగు బస్సెక్కాడు. సాధువు జాడ లేదు. దాంతో నా అనుమానం ఇంకా ముదిరింది. తరువాతి వారం పూతలపట్టు, ఆపై అరగొండ, ఐరాల. పన్నెండు ఆదివారాలు వెంటాడానని ఇంట్లో చెప్పుకుంటాను. ఏడు.

ఏడోది పెనుమూరు. ఆయన టీకొట్టు బల్ల మీద కూర్చుని, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "ఎండలో ఎంతసేపు నిలబడతావప్పా? ఈడికి రా."

దొరికిపోయాను. జేబులోంచి పొట్లం తీసి చేతిలో పెట్టాడు.

"నిజం సెప్పు. ఏం తింటా వుండావు?" అన్నాను.

"శెనక్కాయలు. కనపళ్ళేదా?"

"ఆటలొద్దబ్బా. అన్ని పేర్లు తలకాయిలో ఎట్ల నిలుస్తాయి?"

"ఊరు సూడకుండా పేరు యాడ నిలుస్తాది? టీ తాగి, నాలుగడుగులు నడిసిన దారిని ఎవురైనా మర్సిపోతారా?"

నేను నమ్మలేదు. అసలు మందు దాచిపెట్టి ఈ కబుర్లు చెబుతున్నాడనే అనుకున్నాను.

పరీక్షలో నాలుగో కార్డు చూడగానే మామిడి తోపు పక్కన వంగిపోయిన ఊరి బోర్డు కళ్ళ ముందుకొచ్చింది. చెయ్యి దానంతటదే బంగారుపాళ్యం గడికి పోయింది. గట్టెక్కాను. అందరికంటే ముందు నిలిచానని వీధంతా చెప్పుకున్నాను గానీ, చివరినుంచి రెండోవాణ్ణి. సరిగ్గా పడినవాటిలో చాలావరకు ఆ ఏడు దారుల పల్లెలే.

ఒక్క అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు. బస్సు దిగగానే ఆయన ప్రతిసారీ పొట్లాలు రెండు కొనేవాడు. ఒకటి తిని, రెండోది జేబులో పెట్టుకునేవాడు. పెనుమూరులో నాకిచ్చింది ఆ రెండోదే. మొదటి ఆదివారం నుంచీ రెండెందుకు కొన్నావని తర్వాత అడిగాను.

"ఆకలప్పా," అన్నాడు.

ఆ మనిషి అంత తిండిపోతు కాదు.