ఊపిరితో ఇచ్చే ఆజ్ఞ

2023 ఫిబ్రవరిలో సిడ్నీ వాయవ్య శివారులోని మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రా నన్ను యువ కన్సర్టో పోటీకి పియానిస్టుగా నియమించింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అది నా చివరి ఏడు.

కన్సర్టో అంటే ఒక్క వాద్యం ముందు నిలబడి, వెనక ఆర్కెస్ట్రా అంతటినీ తనతో నడిపించుకుపోయే రచన. ఆడిషన్‌కు వచ్చే ప్రతి పిల్ల వెనకా ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టడం సాధ్యం కాదు గనక, అరవై మంది వాయించవలసిన దాన్ని కుదించి ఒక్కడే పియానో మీద వాయిస్తాడు. ఆ ఒక్కణ్ణి నేను. గెలిచిన వారికి వసంతకాలపు కచేరీలో అసలు ఆర్కెస్ట్రాతో వాయించే అవకాశం దక్కుతుంది. మా ఆర్కెస్ట్రాలో పళ్ళ డాక్టరు, బడి పంతులమ్మ, టైల్స్ వేసే ఆయన, ఇలాంటివాళ్ళు సరదా కొద్దీ వాయిస్తారు. ముందు నిలబడి చేతి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపే కండక్టరు గ్రేమ్‌కూ నాకూ మాత్రమే అది ఉద్యోగం.

నా పేరు నరసింహ భూపతి. సిడ్నీలో అందరూ నన్ను 'భూ' అంటారు. గోదావరి జిల్లాలో మాది చిన్న ఎస్టేటు. మా తాతగారిని పేరు పెట్టి పిలిచినవాళ్ళు జిల్లాలో ఇద్దరే ఉండేవారట, ఇద్దరూ కలెక్టర్లే. నేను పుట్టేనాటికి ఎస్టేటు పోయింది. దివాణం అన్న పిలుపూ, తాతగారూ, ఆయన మద్రాసు నుంచి తెప్పించిన పియానో మిగిలాయి. ఆ పియానోయే నాకు అన్నం పెట్టింది. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఆ ఏడాది పోటీదారుల్లో సహస్ర అని రౌస్ హిల్ అమ్మాయి ఉంది. పదహారేళ్ళది, వయొలిన్. తల్లి మాధవిది తెనాలి, ఇక్కడ బ్యాంకులో పని. వచ్చే ఏడాది హెచ్ఎస్‌సీ, అంటే ఇక్కడి ఇంటర్ పరీక్షలు. అందుకని వయొలిన్‌కు ఇదే ఆఖరి ఏడని ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది. ఆర్కెస్ట్రాను వెనక పెట్టుకుని ఒక్కసారైనా వాయించాలంటే ఆ పిల్లకు ఇదొక్కటే దారి.

మొదటి రిహార్సల్లో ఆ అమ్మాయి చేతిలో వింత అందం వినపడింది. కమాను తీగమీద ఆనించగానే నేను నిటారుగా కూర్చున్నాను. మామూలుగానే నిటారుగా కూర్చుంటాను, ఇంకొంచెం కూర్చున్నాను. కానీ రెండో పేజీకి వచ్చేసరికి సంగీతం నడక చతికిలబడింది. మూడో పేజీలో ఇద్దరం శవం వెనక నడుస్తున్నట్టు వాయించాం. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అంతే.

ఎందుకు ఆగుతున్నావని అడిగాను.

"యూ వర్ నాట్ దేర్ యెట్, అంకుల్. ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ యూ."

అప్పుడు అర్థమైంది. పక్కవాద్యం వాయించేవాడు ముందున్నవారిని అనుసరించాలి, అది వృత్తి నియమం. నేను ఆమె కోసం చూస్తున్నాను. పెద్దవాళ్ళను దాటి ముందుకు పోకూడదన్నది ఆమె పెంపకం. ఆమె నా కోసం చూస్తోంది. గుమ్మం దగ్గర 'ముందు మీరు' అనుకుంటూ ఇద్దరూ బయటే నిలబడిపోయినట్టుంది మా వ్యవహారం. ఇరవై ఏళ్ళలో ఏ ఆస్ట్రేలియన్ పిల్లతోనూ నాకీ చిక్కు రాలేదు.

ఈ గదిలో నేను నీ కింద పనిచేసేవాణ్ణి, నన్ను భూ అని పిలువు అన్నాను. సహస్ర కిసుక్కున నవ్వింది. మూలన లాప్‌టాప్ పెట్టుకున్న తల్లి తలెత్తింది.

"పేరు పెట్టి పిలవడమేంటండీ? ఇక్కడితో ఆగుతుందా? రేపు వాళ్ళ నాన్నని కూడా పిలుస్తుంది."

"ఐ ఆల్రెడీ డూ, అమ్మా. బిహైండ్ హిజ్ బ్యాక్."

పేరు సంగతి వదిలేశాను. ఆజ్ఞకు పేరుతో పని లేదు. మా తాతగారు నోరు తెరిచి ఎవరికీ పని చెప్పేవారు కాదు. చిన్నగా ఊపిరి తీసుకుని గడ్డం ఒక్క అంగుళం పైకెత్తేవారు. ఆ ఊపిరి ఎంత త్వరగా ఉంటే పని అంత త్వరగా జరగాలని అర్థం. నా చిన్ననాటికి ఆ సైగ అందుకోవడానికి నౌకర్లెవరూ మిగల్లేదు. నేనే అందుకుని పేపరు తెచ్చి ఇచ్చేవాణ్ణి. వయొలిన్ వాయించేవారు ఆర్కెస్ట్రాను నడిపేదీ అచ్చం అలాగే. స్వరానికి ముందు ఊపిరి, దానితోపాటు వయొలిన్ తల కొద్దిగా లేవడం. రాబోయే నడక ఎంతో ఆ ఊపిరిలోనే తెలిసిపోవాలి.

మిగిలిన రెండు రిహార్సళ్ళలో మేము రచన మొత్తం వాయించనే లేదు. మధ్యలో ఇద్దరం ఒక్క క్షణం ఆగి, కలిసి ఎత్తుకోవలసిన చోటు ఒకటుంది. దాన్నే పట్టుకున్నాం. ఆమె ఊపిరి స్పష్టంగా లేకపోతే నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదట క్షమాపణలు చెప్పింది. తర్వాత విసుక్కుంది. ఆఖరికి కోపం వచ్చి బుస్సున ఊపిరి పీల్చింది. నా చేతులు వాటంతట అవే పియానో మెట్లమీద పడ్డాయి. ఇద్దరం పేజీ చివరిదాకా పరుగెత్తాం.

"దట్ వాజ్ సో రూడ్ ఆఫ్ మీ," అంది, కళ్ళు మెరుస్తూ.

ఆడిషన్ శనివారం, హైస్కూలు హాల్లో. న్యాయనిర్ణేతలు ముగ్గురు: గ్రేమ్, మొదటి వయొలిన్ల వరసకు పెద్ద అయిన లీడర్, బయటి నుంచి వచ్చిన ఒక టీచరు. లోపలికి పిలుపు వచ్చింది. నాకు మనసులో పిల్లలకుండే కంగారే ఉంది, పైకి కనపడనివ్వలేదు. అంతలో మాధవి, "అంకుల్ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళు" అంది. పిల్ల వంగబోయింది. నేను వెనక్కి జరిగాను.

"ఇప్పుడు కాదమ్మా. వాయించి వచ్చాక."

మాధవి మొహం మాడిపోయింది. శుభమా అని వెళ్తుంటే ఇదేం అపశకునం అని గొణిగింది. నేను తలుపు తీసి పట్టుకుని, సహస్రను ముందు నడవనిచ్చాను.

మధ్యలో ఆగి ఎత్తుకునే చోటు ఆమె ఊపిరి హాలు చివరి కుర్చీకి వినపడి ఉంటుంది. నడక ఎక్కడా తగ్గలేదు. పూర్తయ్యాక గ్రేమ్ లేచి బేటన్, అంటే కండక్టరు చేతిలో ఆడించే సన్న పుల్ల, తీసుకున్నాడు. ఇది అతని పద్ధతి. చివరి భాగాన్ని తాను కండక్ట్ చేస్తూ మళ్ళీ వాయించమంటాడు, కావాలని నెమ్మదిగా నడుపుతాడు. పియానిస్టు కండక్టరు చేతినే చూడాలని నిబంధన. అంటే ఇప్పుడు నేను ఆమెకు సాయం రాను. గ్రేమ్ తల నెరిసిన మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు. సహస్ర ఒకసారి నావైపు చూసింది. నేను బేటన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

రెండు వరసలు అతని నడకలోనే ఈడ్చింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు భుజం గ్రేమ్ వైపు తిప్పి, ఊపిరి తీసి, వయొలిన్ తల ఎత్తింది. తర్వాతి స్వరం ఆమె నడకలో పడింది. బేటన్ తడబడి, వెంటపడి, అందుకుంది. దానితో నేనూ. చివరి స్వరానికి ముగ్గురం ఒక్కసారే చేరాం. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషంగా ఎవరి ఆజ్ఞా పాటించలేదు.

"వెల్, భూ," అన్నాడు గ్రేమ్, "ఐ థింక్ వుయ్ హావ్ బోత్ బీన్ గివెన్ అవర్ ఆర్డర్స్."

టీ తర్వాత ఫలితం చెప్పారు. సహస్రే. మాధవి నన్ను చూసి, "మీరు దణ్ణం వద్దన్నప్పుడు ఇంక అంతే అనుకున్నానండీ" అంది. అపశకునం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడాది చివర పదవీ విరమణ చేశాను. ఈ సంఘటన నాకు నేర్పింది ఇది. ముందున్నవారిని అనుసరించడం పక్కవాద్యగాడి పని, కానీ ముందున్నవారు ఆ చోటు తీసుకోనప్పుడు అనుసరించడానికి ఏమీ ఉండదు. పెద్దలను గౌరవించడం వేరే సమయంలో చేసే పని, సంగీతం నడుస్తుండగా చేసేది కాదు. ఆజ్ఞ ఎలా ఇవ్వాలో తెలిసిన ఇంట్లో పుట్టడం, ఇవ్వడానికి ఎవరూ మిగలకపోయినా, ఒక్కోసారి పనికొస్తుంది.

ఆడిషన్ అయిన రోజే కారు పార్కింగ్‌లో సహస్ర నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను దీవించడం పూర్తికాకముందే లేచి నిలబడింది.