తాళం తీసి ఉన్న ఫోన్

ఆ వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. అలాగని ఆయన తాళాలు అమ్మడు, ఫోన్లు బాగుచేస్తాడు. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఒక బల్ల, బల్ల మీద వేడిగాలి గొట్టం, సన్నమూతి పట్టకారు, విప్పిన స్క్రూలు చెదిరిపోకుండా పట్టుకునే అయస్కాంతం పలక. అంత చిన్న కొట్టుకి మూడు తాళాలు. సాయంత్రం షట్టర్ దించి, తాళాలు వేసి, ఒక్కోదాన్నీ పట్టి గుంజి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి గుంజి చూసుకుంటేగాని ఆయన ప్రాణం కుదుటపడదు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే ఆమె "పడ్డాయి లెండి, నేను చూశాగా" అని రోజూ చెబుతుంది. ఆయన రోజూ తలూపుతాడు, రోజూ గుంజుతాడు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. చిన్నప్పుడు తల్లి బట్టలు కుట్టేది. ఒకనాడు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్తూ, ఆడుకోవడానికి వెళ్ళేముందు ఇంటికి తాళం వెయ్యమని చెప్పింది. పిల్లాడికి ఆట ముందు తాళం ఎక్కడ గుర్తుంటుంది? ఆవిడ తిరిగొచ్చేసరికి కుట్టుమిషను లేదు. తల్లి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. తిట్టలేదు గనక ఆ భయం లోపలే ఉండిపోయి, ఆయనతోపాటే పెరిగి పెద్దదైంది.

పనిలోనూ అదే తీరు. కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తీసేసి బయటివాళ్ళు తయారుచేసింది వెయ్యమని ఎవరైనా వస్తే ఆ ఫోన్ ముట్టుకునేవాడు కాదు. కంపెనీవాడు వేసింది వేసినట్టు ఉండనివ్వండి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పంపేసేవాడు. ఆ మాటకి పడీపడీ నవ్వేవాడు ఒకడున్నాడు, ఆయన బావమరిది. బస్సు డ్రైవరు. బస్సు దిగితే చాలు, పాత ఫోన్లు ముందేసుకుని కంపెనీ సరుకంతా ఊడ్చేసి, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఊరికే పంచిపెట్టే కస్టమ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం అతనికి సరదా. కొనుక్కున్న ఇంట్లో అమ్మినవాడి సామాను నువ్వెందుకు మోస్తావు బావా అని అడిగేవాడు. బావ వినేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

భార్య కోసం ఆ కుందేలుకి నాలుగో కాలు ఒప్పుకోవలసి వచ్చింది. ఆమెకు చిన్నతనం నుంచీ షుగరు. ఇన్సులిన్ మీదే బతుకు. షుగరు పెరగడం కన్నా ఉన్నట్టుండి పడిపోవడం ఆమెకు ఎక్కువ ప్రమాదం. ఒకప్పుడు చెమట, వణుకు ముందే తెలిసేవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జాడలు ముందుగా తెలియకుండా పోయాయి. అందుకని చేతికి బొత్తామంత సెన్సర్ అంటించుకుంటుంది. అది షుగరు కొలిచి ఫోన్‌కి కబురు పంపుతూ ఉంటుంది, షుగరు దిగుతోందంటే ఫోన్ ఇల్లెగిరిపోయేలా మోగుతుంది. ఆ మోతే ఆమె ప్రాణానికి కాపలా.

ఫోన్ కంపెనీ పంపిన కొత్త అప్‌డేట్ ఆ కాపలాని నిద్రపుచ్చింది. బ్యాటరీ ఆదా పేరుతో, వెనకాల నడిచే యాప్‌లన్నిటినీ ఆపేయడం మొదలుపెట్టింది. సెన్సర్ యాప్‌ని మాత్రం ఆపొద్దని సెట్టింగుల్లో ఎన్నిసార్లు చెప్పినా కొన్నాళ్ళు విని మళ్ళీ మొదటికి వచ్చేది. ఒక పొద్దున ఆమె గరిట పట్టుకుని పొయ్యి ముందు నిలబడి, ఆయన వైపు చూసి "మీరెవరు?" అంది. పక్కనే ఉన్న ఫోన్ కిక్కురుమనలేదు. పంచదార నీళ్ళు తాగించి ఆమెను మళ్ళీ మనిషిని చేసుకునేసరికి ఆయనకి ఒళ్ళంతా చల్లబడిపోయింది. కంచే చేను మేస్తుంటే ఇంక దేన్ని నమ్ముకోవాలి?

ఆయనే బావమరిదిని పిలిచాడు. అతను ఎగతాళి చెయ్యలేదు. అక్క ఫోన్ కదా, ఊపిరి బిగబట్టి చేశాడు. ముందు బూట్‌లోడర్ తాళం తీశాడు. బూట్‌లోడర్ అంటే, ఫోన్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు లేచి, లోపలున్నది కంపెనీ సరుకేనా కాదా అని చూసే చిన్న ప్రోగ్రాం. దాని తాళం తీస్తేగాని బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కదు. ఎక్కించాక యాప్ మళ్ళీ పెట్టి, సెన్సర్ కలిపి, అలారం మోగించి చూపించాడు. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"బావా, ఏమైనా చెయ్యి, ఆ తాళం మాత్రం మళ్ళీ వెయ్యకు. వేశావంటే లోపలున్నది కంపెనీది కాదని ఫోన్ అసలు లేవదు. నీ సంగతి తెలిసే చెబుతున్నా."

తెలిసినవాడు చెప్పకుండా ఉన్నా బాగుండేదేమో. ఆ తర్వాత అలారం ఒక్కసారి కూడా తప్పలేదు. షుగరు దిగిన ప్రతిసారీ మోగింది, ఆమె పంచదార నోట్లో వేసుకుంది, మళ్ళీ పనిలో పడింది. కాని ఫోన్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా నల్లటి తెర మీద కాషాయరంగు అక్షరాలు వచ్చేవి. ఈ ఫోన్ తాళం తీసి ఉంది, ఇందులోని సమాచారానికి భద్రత లేదు అని. బావమరిది దాన్ని చూసి చూడనట్టు వదిలెయ్యమన్నాడు. తాళాలాయనకి అది చేతనయ్యే పనేనా? ఎవరో లోపలికి దూరి అలారం ఆపేస్తారేమో, అంకెలు మార్చేస్తారేమో, తక్కువున్నది ఎక్కువని చూపిస్తే ఈమె ఇంకాస్త ఇన్సులిన్ పొడుచుకుంటుందేమో. అనుమానం పెనుభూతం అన్నారు, ఆ భూతం ఆయన పక్కలోనే పడుకునేది. ఫోన్ తెర చూస్తే చాలు, తల్లి వెళ్ళిపోతున్న ఆ గుమ్మం గుర్తొచ్చేది.

వెతగ్గా వెతగ్గా ఎవరో రాసింది దొరికింది. ఇదే కస్టమ్ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ ఫోన్‌కి తాళం వేసుకోవచ్చట, ఏమీ కాదట. అది అదే పేరున్న ఫోన్ గురించే గాని, దాని తర్వాతి మోడల్ గురించి. రోజూ మోడల్ నంబర్లు చూసే మనిషే. ఆ రోజు ఆయన కళ్ళు తమకి కావలసింది చదువుకుని ఊరుకున్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఫోన్ తెర మీది అద్దం మార్చి ఇప్పుడే తెస్తానని ఆమెతో అబద్ధం చెప్పాడు. ఆమె అప్పటికే ఇన్సులిన్ తీసుకుంది, అన్నం మాత్రం సయించక సగం వదిలేసింది. కాసేపు నడుం వాలుస్తానంది. లోపల గడియ పెట్టుకోమని నిద్రలో లేపడమెందుకని ఆయన బయటి నుంచి గడియ పెట్టి తాళం వేశాడు, గుంజి చూసుకున్నాడు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం.

కొట్లో కూర్చుని ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించాడు. తాళం వేస్తే అంతా చెరిగిపోతుంది, సరేనా అని ఫోన్ అడిగింది. చెరిగితే యాప్ మళ్ళీ పెట్టుకోవచ్చు, తనకి చేతకాని పనా? సరేనన్నాడు. తెర ఒకసారి నల్లబడి, ఎర్రటి అక్షరాలతో వెలిగింది. లోపలున్న సాఫ్ట్‌వేర్ నమ్మదగింది కాదు, ఫోన్ ఆన్ కాదు. బటన్ నొక్కాడు. మళ్ళీ ఎరుపు. తాళం మళ్ళీ తీద్దామని చూస్తే, తీయడానికి ఒప్పుకోవాల్సిన సెట్టింగు లోపల ఉంది, లోపలికి దారి లేదు. కొరివితో తల గోక్కున్నానని అప్పటికి తెలిసింది.

ముందు ఆమెకి చెప్పాలి, నువ్వు పడుకోవద్దు, వేలు పొడిచి షుగరు చూసుకో అని. తన ఫోన్ తీసి ఆమె నంబరు కలిపాడు. ఆ నంబరున్న ఫోన్ బల్ల మీద ఎర్రగా వెలుగుతూ ఆయన ముందే పడి ఉంది. అది చూశాక ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

బావమరిది బస్సు నడుపుతున్నాడు, ఫోన్ ఎత్తడు. పక్కింటి పిన్నిగారికి చేశాడు. ఒకసారి తమ ఇంటికి వెళ్ళి చూడమన్నాడు. ఆవిడ వెళ్ళింది. చెప్పుల చప్పుడు ఆయనకి వినిపిస్తూనే ఉంది.

"తాళం వేసుంది నాయనా. ఇద్దరూ బయటికెళ్ళారా?"

"లోపలే ఉంది పిన్నిగారూ. నేనే వేశాను."

తలుపు బాదడం, పిలవడం వినిపించింది. జవాబు లేదు. కిటికీలు చూడమన్నాడు. అవీ ఆయన పొద్దున బిగించినవే. ఆవిడ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది, గొంతు తగ్గించి.

"తలుపు కింద నుంచి ఏదో గీకుతున్నట్టుంది. తొందరగా రా."

జీవితంలో మొదటిసారి కొట్టు తెరిచి వదిలేసి పరుగెత్తాడు. ఇస్త్రీ ఆమె వెనక నుంచి ఏదో అడిగింది, ఆయన చెవికెక్కలేదు. దారంతా ఒకటే లెక్క. సగం అన్నం, పూర్తి ఇన్సులిన్. సగం అన్నం, పూర్తి ఇన్సులిన్. మెట్లెక్కి తాళాల గుత్తి తీస్తే ఏ తాళంచెవి దేనిదో తెలియలేదు. ఇన్నేళ్ళూ చీకట్లోనైనా తడిమి తీసే మనిషికి ఇంటి తాళంచెవి దొరకలేదు. పిన్నిగారు ఆయన చేతిలోంచి గుత్తి లాక్కుని ఒక్కొక్కటీ పెట్టి చూసింది. తాళం ఊడింది, గడియ తీశారు. తలుపు నెడితే రాలేదు.

లోపల ఆమె తలుపుకి ఆనుకుని పడి ఉంది.

మెల్లగా నెట్టి, సందు చేసుకుని, పక్కగా దూరాడు. జుట్టంతా చెమటకి తడిసి ముఖానికి అంటుకుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఆయన్ని చూడటం లేదు. పిన్నిగారు వంటింట్లోంచి తెచ్చిన పంచదార వేలితో తీసి చిగుళ్ళకి రాస్తూ, ఒళ్ళో తల పెట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు. ఎంతసేపని ఎవరడిగినా ఆయన చెప్పలేడు. మింగుతోందని గొంతు కదిలినప్పుడు తెలిసింది. పిన్నిగారు అంబులెన్సుకి కబురు పెట్టింది. వాళ్ళు వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

ఆ సాయంత్రం, ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక, ఆమె తన గోళ్ళ వైపు చూసుకుంటూ చెప్పింది. "ఏదో అయిపోతోందనిపించింది. పిన్నిగారిని పిలుద్దామని తలుపు దాకా వచ్చాను. ఎంత లాగినా రాలేదు. నాకే బలం చాలట్లేదనుకున్నాను." కోపంగా అనలేదు. ఆయన్ని ఒక్క మాట తిట్టలేదు. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ ఫోన్ మళ్ళీ లేవలేదు. బావమరిది తన ఫోన్లలో ఒకటి తెచ్చి అక్కకి తయారుచేసి ఇచ్చాడు, ఈసారి ఏమీ చెప్పలేదు. అది ఆన్ చేసినప్పుడల్లా అవే కాషాయరంగు అక్షరాలు వస్తాయి. అవి చూస్తే ఆయనకి ఇప్పటికీ గుండె దడే, చెయ్యి జేబులోని గుత్తి వైపు పోతుంది. భయం ఎక్కడికీ పోలేదు, వైపు మార్చుకుందంతే. ఇంట్లో ఆమెను వదిలి కొట్టుకి బయల్దేరి, ఈనాటికీ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. మెట్లెక్కి తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టి చూస్తాడు. అది తెరుచుకున్నాకే మళ్ళీ వెళ్తాడు.