తీగ దించిన ఆదివారం

సోమవారం పొద్దున బ్యాంకుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. మెదక్ నుంచి మా టీచరమ్మ చెల్లెలు. "అక్క ప్రభువు దగ్గరికి పోయింది బిడ్డా. తెల్లారంగ, నిద్రల్నే" అన్నారు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది చేతిలో ఉంది. అలాగే గుమ్మంలో నిలబడిపోయాను. నా మనసులోకి మొదట వచ్చిన మాట ఏడుపు మాట కాదు. నిన్న ఆవిడ నా గొంతు కోసం రేడియో పెట్టుకుని కూర్చుని ఉంటారు, నేను మాట్లాడలేదు.

ఆ సంగతికి వస్తాను. ముందు ఆవిడ ఎవరో చెప్పాలి.

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే సందుల్లో ఒక పాత మూడంతస్తుల బిల్డింగు మాది. మా తాతగారు రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు వైపు నుంచి ఉద్యోగంతోపాటు వచ్చి కిరాయికి దిగిన వాటాలోనే ఇప్పటికీ ఉంటున్నాం. మా పైవాటాలో టీచరమ్మ. మిషన్ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నిలబెట్టేది ఆవిడే. ఆవిడ తలుపు దగ్గర ఎప్పుడూ హార్మోనియం చప్పుడో, పిల్లల అపస్వరాలో వినిపిస్తూ ఉండేవి. ఇన్నేళ్ళూ ఆవిడ గురించి నాకు అన్నీ తెలుసుననే అనుకున్నాను.

ఒక సాయంత్రం ఎండబెట్టిన మిరపకాయలు తీద్దామని డాబా మీదికి వెళ్ళాను. టీచరమ్మ గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాని నుంచి ఒక తీగ బయల్దేరి వాటర్ ట్యాంకు పక్కన నిలబెట్టిన వెదురు గెడ మీదికి వెళ్ళి, అటు నుంచి డాబా రెండో మూలకు దిగింది. పెట్టెలోంచి ఎవరో ముసలాయన కోయంబత్తూరులో ఇప్పుడే వాన మొదలైందని, బట్టలు తియ్యాలి, వెళ్తానని అంటున్నాడు.

"ఎవరు టీచర్, ఫోన్లో?"

"ఫోన్ గాదు. టవర్ లేదు, కేబుల్ లేదు, ఇంటర్నెట్ లేదు. గీ తీగ, ఆకాశం. అంతే."

నాకు ఆశ్చర్యం అంత సులభంగా కలగదు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని చూస్తున్నదాన్ని. ఏదో ఫోన్ లాంటిదే అయ్యుంటుందిలే అనుకున్నాను. అప్పుడు ఆవిడ చెప్పారు, అది హామ్ రేడియో అని. పైన ఎండ తగిలి తయారయ్యే ఒక పొర ఉంటుందట. మన గొంతు అక్కడిదాకా వెళ్ళి, వంగి, ఎక్కడో కిందికి దిగుతుందట. దానికి ఖర్చయ్యే కరెంటు మా పడగ్గదిలో బెడ్‌లైటుకి అయ్యేంత. ఆ ముసలాయన బట్టల తాడు మీద పడ్డ వాన కబురు ఆ కాస్త కరెంటు మీద ఎక్కి ఇంత దూరం వచ్చిందని తెలిసేసరికి, మిరపకాయల చేట పట్టుకుని ఆకాశం వంక నోరు తెరుచుకుని చూశాను. రోజూ చూసే ఆకాశమే. దాని కింద పుట్టి పెరిగి దాని గురించి ఏమీ తెలుసుకోలేదు.

"నేనూ మాట్లాడొచ్చా?" అని చెయ్యి చాపాను.

టీచరమ్మ మైకు ఊడదీసి, చర్చికి తీసుకెళ్ళే నల్ల సంచీలో వేసి జిప్పు లాగేశారు. "లైసెన్స్ లేకుంట మాట్లాడుడు నేరం. లైసెన్స్ వచ్చినంక గూడ వినకుంట మాట్లాడుడు మర్యాద గాదు. ముందు కూసోని విను."

ఆ సంచీ జిప్పు మళ్ళీ నా కోసం తెరుచుకోవడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. పరీక్షకి చదవడం, రాయడం, లైసెన్స్ కోసం ఎదురుచూడడం ఒక ఎత్తు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నోరు మూసుకుని వినడం ఇంకో ఎత్తు. మా ఆయనకి మహా సరదాగా ఉండేది. "నిన్ను గంటసేపు మాట్లాడకుండా కూచోబెట్టిన మనిషికి దండ వెయ్యాలి" అనేవారు. టీచరమ్మ నవ్వేవారు.

వినడం అంత తేలిక కాదని నాకప్పుడు తెలిసింది. ఆ సెట్టులో గొంతులు తిన్నగా రావు. మొదట ఏదో బాతు గొణిగినట్టు ఉంటుంది. నాబ్ ఇంకాస్త తిప్పితే పీపాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. నేను గబగబా తిప్పేసి దాటిపోయేదాన్ని. ఆవిడ నా వేళ్ళ మీద తన రెండు వేళ్ళు ఆనించి, హార్మోనియం మీద పిల్లల వేళ్ళు నడిపించినట్టే నడిపించేవారు. "జర మెల్లగ. మనిషి గొంతు అయ్యేదాంక తిప్పు. అయినంక చెయ్యి తియ్యి." ఒక్కసారిగా ఆ గొణుగుడు మనిషయ్యేది. ఎక్కడో ఎవరో జలుబుతో మాట్లాడుతుండేవారు, వెనకాల కుక్కర్ కూత వేసేది. ఎన్నిసార్లు విన్నా ఆ క్షణంలో నా చేతుల మీద రోమాలు లేచేవి. ఆవిడకీ అంతేనని కళ్ళు చూస్తే తెలిసేది. ఇన్నేళ్ళ నుంచి వింటున్న మనిషికి ఇంకా ఆశ్చర్యం మిగిలి ఉండడమే నాకు మరీ ఆశ్చర్యం.

ఏటా మా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లో మాత్రం ఇద్దరికీ సెలవే. ఎగ్జిబిషన్ గ్రౌండ్ లైట్లన్నీ వెలిగితే రేడియోలో ఒకటే బుర్రుమనే చప్పుడు. "ఆకాశం గిప్పుడు జెయింట్ వీల్ ఎక్కింది, దిగినంక మాట్లాడుదాం" అని సెట్టు కట్టేసి, నన్ను మిర్చి బజ్జీలకి లాక్కుపోయేవారు.

తీగ కట్టడంలో మాత్రం ఆవిడ దగ్గర వేళాకోళాలు పనికొచ్చేవి కావు. మా సందు చూసినవాళ్ళకి తెలుస్తుంది, స్తంభాల మీద కరెంటు తీగలు, కేబుల్ తీగలు కలిసి ఎలా చిక్కులు పడి ఉంటాయో. మొదటిసారి నా చేతికి గెడ ఇచ్చినప్పుడు తిన్నగా సందు వైపు నడిచాను, అటైతే ఎత్తు బాగుంటుందని. "ఆగు!" అని అరిచారు. ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"తీగ యాడ కడ్తవో తర్వాత చూస్తం. తెగితే యాడ పడ్తదో ముందు చెప్పు."

ఆలోచించి చూస్తే స్తంభం మీద పడుతుంది. డాబా మధ్యకి వచ్చేశాం. గెడ ఎటు ఒరిగినా, తీగ ఎటు తెగినా డాబా మీదే పడాలన్నది ఆవిడ లెక్క. ట్రూప్ బజార్లో ఆవిడే దగ్గరుండి కొనిపెట్టిన ఆ తీగకి, బట్టలు ఆరేసేవాళ్ళ మెడకి తగలకుండా, స్కూల్ వార్షికోత్సవాల్లో మిగిలిన ఎర్ర రిబ్బన్లు కట్టారు. బ్యాటరీ కలిపేటప్పుడు "ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు" అని పైకి అనాలి. ఫ్యూజు లేకుండా కలపకూడదు. తీగ తగిలించకుండా మాట్లాడే మీట నొక్కితే సెట్టు లోపల కాలిపోతుంది. మాట్లాడేటప్పుడు తీగని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇవన్నీ పాఠంలా చెప్పరు. నేను తప్పు చెయ్యబోయే క్షణంలో చెబుతారు.

లైసెన్స్ వచ్చాక కూడా తిన్నగా గాల్లోకి వదల్లేదు. తీగ బదులు చిన్న రేకు డబ్బా ఒకటి తగిలించారు. మన మాట బయటికి పోకుండా తనలోనే కాల్చుకుంటుంది అది. "పాట నేర్పేటప్పుడు ముందు నోరు మూసి పాడిపిస్త గదా, ఇది గూడ గంతే" అన్నారు. వారాల తరబడి డబ్బాతో మాట్లాడాను. మా బిల్డింగ్ వాచ్‌మన్ యాదగిరి అటుగా వచ్చి విని, "ఎవరన్న ఇంటున్రా అమ్మా?" అని అడిగితే ఎవరూ లేరని చెప్పాను. అతను జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఇంకొక అలవాటు నేర్పారు. మాట్లాడబోయే ముందు, నాబ్ తిప్పి ఆగిన ఈ జాగాలో ఎవరైనా ఉన్నారా అని అడగాలి. మనకి వినబడనంత మాత్రాన ఖాళీ అని కాదు. అడిగి, మనసులో ఒక పల్లవి పూర్తిగా పాడుకునేంత సేపు ఆగాలి. మళ్ళీ అడగాలి, మళ్ళీ పల్లవి. "జవాబియ్యడానికి ఎదుటోళ్ళకి టైమియ్యాలె గదా బిడ్డా" అనేవారు. కౌంటర్లో నేనిప్పుడు అలాగే చేస్తున్నాను. ముసలివాళ్ళని ఏదైనా అడిగి పల్లవి పాడుకుంటాను. వాళ్ళు జవాబు చెబుతారు.

అసలు గాల్లోకి మొదటి మాట అనాల్సిన రోజులు దగ్గరపడేసరికి ఆవిడ గుండె బలహీనపడింది. మెట్లు ఎక్కలేకపోయారు. చెల్లెలు వచ్చి మెదక్ తీసుకెళ్తామన్నారు. కారు వచ్చేలోగా నన్ను పిలిచి, సెట్టు నా ముందు పెట్టి, చర్చి సంచీ జిప్పు తీసి మైకు నా చేతిలో పెట్టారు. దానికి సంచీలోని పిప్పరమెంట్ల వాసన పట్టుకుంది.

"చిన్న రేడియో నేను తీస్కపోతున్న. వినడానికే పనికొస్తది. వచ్చే ఆదివారం చర్చి అయినంక, అన్నం తిని కూసుంట. నువ్వు ఎవర్ని పిలిచినా సరే. నీ మొదటి మాట నేను వినాలె."

"తప్పకుండా వింటారు టీచర్."

"ఉరుము వినబడితే?"

"దించెయ్యడమే. రెండో ఉరుము కోసం ఆగకూడదు."

"శభాష్" అని నా చెంప నిమిరి కారెక్కారు.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ ఎండ కాసింది. భోజనం కాగానే డాబా మీదికి వెళ్ళి గెడ నిలబెట్టాను. రిబ్బన్లు సరిచూశాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. మైకు తగిలించి వింటూ కూర్చున్నాను. రేడియోలో చిటపటలు మొదలయ్యాయి. దూరాన మెరుపులుంటే అలాగే వస్తాయని ఆవిడే చెప్పారు. ఆకాశంలో ఇంకా ఏమీ లేదు. చిటపటలు దగ్గరపడ్డాయి. బషీర్‌బాగ్ వైపు బిల్డింగుల వెనక నల్లగా లేచింది. ఎవరైనా ఉన్నారా అని అడగడానికి మైకు ఎత్తాను. అప్పుడు ఉరిమింది. పెద్దదేమీ కాదు. ఎక్కడో దూరంగా.

యాదగిరి నీళ్ళ మోటారు చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్నాడు. "వాన ఇంక రాలె గదమ్మా. జల్ది ఒక మాట మాట్లాడి దించున్రి. పాపం టీచరమ్మ ఎదురు చూస్తుంటది."

ఒక్క మాట. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మెదక్‌లో ఆవిడ ఆ చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉంటారని తెలుసు. ఆవిడ ఒంట్లో ఎలా ఉందో కూడా తెలుసు. నా బొటనవేలు మీట మీదే ఉంది. అంత కోపం ఆకాశం మీద నాకెప్పుడూ రాలేదు. సెట్టు నుంచి తీగ ఊడదీశాను. గెడ దించాను. తీగ చుట్టుకుని మెట్ల గదిలోకి వచ్చేశాను. ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం మళ్ళీ చేస్తే కలవలేదు. రేపు మాట్లాడదాంలే అనుకున్నాను.

రేపు ఏమైందో చెప్పాను కదా.

మెదక్ వెళ్ళాను. ఆవిడ పాటలు నేర్పినవాళ్ళు ఎంతమంది వచ్చారో! బట్టతలలవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు సమాధుల తోటలో నిలబడి, ఎవరి గొంతు వాళ్ళు పట్టుకుని నాలుగు పాయలుగా పాడారు. ఎవరూ చెయ్యి ఊపి నడిపించలేదు, ఎక్కడా తప్పలేదు. నేను మాత్రం తల దించుకునే ఉన్నాను. చెల్లెలుగారింటికి వచ్చాక, ఆవిడ మంచం పక్కన ఆ చిన్న రేడియో కనిపించేసరికి ఆగలేకపోయాను. "ఆదివారం నేను మాట్లాడలేదమ్మా. ఆవిడ ఎదురుచూశారా?" అని ఏడ్చేశాను.

చెల్లెలుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చూసింది బిడ్డా. అన్నం తిని రేడియో పట్టుకొని కూసున్నది. చిటచిట తప్ప ఏం రాలె. నేనే అన్న, ఆ పిల్ల మరిచిపోయినట్టుందక్కా అని. నా మీద కోపం జేసింది. మరువలె, గాడ ఉరుముతున్నది, తీగ దించింది అన్నది. జరసేపు గట్లనే విని, నేర్చుకున్నది, ఇగ నాకు ఫికర్ లేదు అని నవ్వింది. రేడియో బంద్ జేసి చాయ్ అడిగింది. ఎన్ని దినాలకో అడిగి తాగింది."

నేను ఏమీ పంపలేదనుకున్న చోట ఆవిడ నన్ను విన్నారు. మాట లేని చోట ఇంత స్పష్టంగా వినగలిగిన మనిషి దగ్గర రెండేళ్ళు కూర్చున్నాను. ఆ వినడం ఏమిటో నాకు పూర్తిగా తెలియనేలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఆ మొదటి రోజు మిరపకాయల చేటతో ఆకాశం వంక చూసినట్టే ఉంటుంది.

మొన్న ఆదివారం ఎండ బాగా కాసింది. గెడ నిలబెట్టాను. ఎర్ర రిబ్బన్లు గాలికి ఊగుతున్నాయి. కింద నాంపల్లి స్టేషన్లో ఏదో రైలు గురించి చెబుతున్నారు. చాలాసేపు విన్నాను. ఉరుము లేదు. ఈ జాగాలో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. పల్లవి పాడుకున్నాను. మళ్ళీ అడిగాను. ఈసారి పల్లవి కొంచెం నిదానంగా పాడుకున్నాను. ఎవరూ ఉన్నామనలేదు. అప్పుడు నా పేరు, మా ఊరు చెప్పి, ఎవరైనా వింటుంటే పలకమని పిలిచాను. నా మొదటి మాట అది.

హోరు. హోరులోంచి సన్నగా ఏదో గొణుగుడు. ఎవరో పలుకుతున్నారు. ఎక్కడి నుంచో తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. ఇంకా మనిషి గొంతు కాలేదు. నాబ్ మీద వేళ్ళు పెట్టి మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను.