మత్రా రేవులో చెమర్చిన లవంగాలు

1993 ఆగస్టు చివరలో, కొమొరోస్ నుంచి లవంగాలతో వచ్చిన ఒక చిన్న నౌకను తనిఖీ చేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఒమాన్‌లోని మత్రా రేవులో కార్గో సర్వేయరుగా ఆరేళ్ళు పూర్తి చేశాను. అంతకుముందు కాకినాడ రేవులో ఇదే పని.

సర్వేయరు అనగానే మనవాళ్ళకు గొలుసు పట్టుకుని పొలం కొలిచే మనిషి గుర్తొస్తాడు. మా అత్తగారు చివరిదాకా అలాగే అనుకున్నారు. నేనూ దిద్దలేదు. నిజానికి కార్గో సర్వేయరు పని వేరు. ఓడలో వచ్చిన సరుకు ఏ స్థితిలో ఉందో చూసి, చెడితే ఎందుకు చెడిందో తేల్చి రిపోర్టు రాయాలి. ఫీజు కొనుగోలుదారు ఇచ్చినా, అమ్మినవాడు ఇచ్చినా రాత మారకూడదు. అంత మాట అనడం తేలిక. ఫీజు ఇచ్చేవాడు పక్కనే కూర్చుని మనకు టీ పోయిస్తున్నప్పుడు నిలబడడమే కష్టం.

కొమొరోస్ అంటే ఆఫ్రికాకూ మడగాస్కర్‌కూ మధ్య ఉన్న నాలుగు చుక్కల దీవులు. బయటి దేశాలకు అమ్ముకోవడానికి వాళ్ళకు లవంగాలు, వెనిల్లా, అత్తరుకు వాడే ఒక పూల నూనె, అంతే. కొనుక్కోవలసింది మాత్రం దాదాపు అన్నీ. ముఖ్యంగా బియ్యం. మనలాగే రెండు పూటలా అన్నం తినే జనం, కాని తినేంత వడ్లు అక్కడ పండవు. అందుకని ఆ నౌకకు మత్రాలో, గుజరాత్‌లోని కచ్ఛ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక సేఠ్‌తో ఒప్పందం కుదిరింది. సేఠ్ లవంగాలు తీసుకుంటాడు, ఆ విలువకు తన గోదాముల్లోని బియ్యం అదే నౌకలోకి ఎక్కిస్తాడు. లవంగాలు నచ్చకపోతే బియ్యం లేదు, నౌక ఖాళీగా తిరిగిపోవలసిందే.

అమ్మినవాళ్ళ తరఫున సరుకు వెంట వచ్చిన మనిషి పేరు బకారీ. యాభై దాటిన వయసు, తెల్లని టోపీ, మాట నెమ్మది. ఆయనకు వచ్చిన అరబీ ముందు నా ఆఫీసు అరబీ నిలవదు. అందుకని ఖాదర్ భాయ్‌ని పిలిచాను. కడప నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా రేవులో హమాలీల మేస్త్రీగా ఉన్నవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు, అరబ్బులతో అరబీ. ఏ భాషలో మాట్లాడినా అదే గొంతు, అదే హడావిడి.

నౌకలో ముందొకటి, వెనకొకటి రెండు హోల్డులు, అంటే సరుకు నింపే గదులు. ముందు హోల్డులోకి దిగి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. పై వరసల బస్తాలు తడిగా ఉన్నాయి. ఎండిన లవంగం విరిస్తే పుటుక్కున విరగాలి. ఇవి రబ్బరులా వంగుతున్నాయి. నా వెనకే దిగిన సేఠ్ ఒక గుప్పెడు తీసి నలిపి, హిందీలో, "నీళ్ళు తాగించి తెచ్చారు. నాకు ఇదంతా వద్దు," అన్నాడు. ఆ అనుమానంలో తప్పు లేదు. లవంగం తేమను ఇట్టే పీల్చుకుంటుంది. బరువు పెంచడానికి బస్తాల మధ్య నీళ్ళ కుండలు పెట్టే ఘనులు ఈ వ్యాపారంలో ఉన్నారు. అలాంటి మోసమని నేను రాస్తే, మొత్తం సరుకు తిరస్కరించే హక్కు సేఠ్‌కు వస్తుంది.

సముద్రపు నీరు లోపలికి వచ్చిందా అన్నది ముందు చూడాలి. దానికి మా సంచిలో సిల్వర్ నైట్రేట్ సీసా ఎప్పుడూ ఉంటుంది. తడిసిన గోనె మీద రెండు చుక్కలు వేస్తే, ఉప్పు ఉన్నచోట పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. ఇక మిగిలినవి రెండే. ఎవరో మంచినీళ్ళు చల్లి ఉండాలి, లేదా సరుకు చెమర్చి ఉండాలి. ఐస్ డబ్బాలోంచి తీసిన సోడా సీసాకు బయట నీళ్ళు పడతాయి కదా, అదే ఇది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ దీవుల్లో జూలై, ఆగస్టు చల్లని ఋతువు, అప్పుడు బస్తాలకెత్తి మూసిన సరుకు చల్లగానే వస్తుంది. మత్రా ఆగస్టు గాలి వేడిగా, ఉక్కగా ఉంటుంది. ఆ గాలి తగిలితే బస్తాల మీద నీరు పేరుతుంది. అలా జరగాలంటే నౌక తలుపులు, అంటే హోల్డుల పైమూతలు, రేవు చేరకముందే తెరిచి ఉండాలి. ప్రయాణంలో జరిగిందల్లా రాసే నౌక లాగ్ పుస్తకంలో తెరిచినట్టు ఎక్కడా లేదు.

అదే బకారీని అడిగించాను. ఆ ఉదయమే నౌక తరఫు ఏజెంటు ఆయనను పక్కకు తీసుకెళ్ళి మాట్లాడడం నేను చూశాను. తలుపులు దారి పొడవునా మూసే ఉన్నాయని చెప్పమనీ, తుఫాను మాట ఎత్తితే బీమా వాళ్ళు చూసుకుంటారనీ చెప్పి ఉంటాడు. ఆ సలహా ఎవరైనా ఇచ్చేదే. తలుపులు తామే తెరిచామంటే నిర్లక్ష్యం తమదవుతుంది, తడిసిన వరసల నష్టం దీవిలోని రైతుల నెత్తిన పడుతుంది. బకారీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఖాదర్‌తో చాలాసేపు మాట్లాడాడు.

ఖాదర్ నా వైపు తిరిగి, "సార్, ఈయప్ప అబద్ధం సెప్పేదానికి ఒప్పుకోవడం ల్యా. మత్రా కొండలు కనపడంగానే ముందర మూతలు మేమే తీసినామంటాండాడు. వాళ్ళ నాయిన కాలం నుంచీ అదే వాడికంట. లవంగాల వాసన మనకంటే ముందు రేవుకు పోవల్ల, కొత్త పంట వచ్చిందని యాపారస్తులకు తెలియల్ల అంటాండాడు," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, నిజంగా సంతోషమేసింది. చిక్కు వీడింది. వాళ్ళ నాన్న కాలంలో వచ్చినవి చెక్క పడవలు. సరుకు మీద తాటాకు చాపలే ఉండేవి. దారి పొడవునా గాలి తగిలి, సరుకు రోజురోజుకూ కాస్త కాస్త వేడెక్కి, రేవుకు వచ్చేసరికి ఊరి గాలికి అలవాటు పడిపోయేది. ఇప్పటిది ఇనుప నౌక, మూత వేస్తే గాలి చొరబడదు. పడవ మారింది, ఆచారం మారలేదు.

అయినా ఒక్కరి మాట మీద రిపోర్టు రాయడానికి లేదు. వెనక హోల్డు తెరిచారా అని అడిగించాను. లేదట, వాసనకు ఒకటి చాలునట. అందరి ఎదుటా ఆ మూత ఒక మూల మాత్రం ఎత్తించి, మూడు బస్తాలు తీయించి, వెంటనే మూయించాను. బస్తాలు పొడిగా ఉన్నాయి. లవంగాలు పుటుక్కుమని విరిగాయి. బస్తాలను అక్కడే రేవు గట్టు మీద నీడలో పెట్టించి, అందరం టీ తాగాం. ఖాదర్ తన కూతురి పెళ్ళి కబుర్లు మొదలుపెట్టాడు. అవి పూర్తి కాకముందే గోనె రంగు ముదరసాగింది. సేఠ్ లేచి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాడు. అరచేతికి తడి అంటింది. మరో బస్తా మీద పెట్టాడు. దానికీ అంతే. తర్వాత ఆయన బకారీ పక్కకు వెళ్ళి కూర్చుని, తన గ్లాసులో సగం టీ ఆయన గ్లాసులోకి వంచాడు. మోసమన్న అనుమానం సేఠ్ వదిలేశాడని నాకు అర్థమైంది.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ముందు హోల్డు పై వరసలు చెమర్చినవి, కారణం తలుపులు ముందుగా తెరవడం. మిగతాది మంచి సరుకు, నీళ్ళు కలిపిన జాడ లేదు. వెనక హోల్డును మూసే ఉంచి, కొండల మీదుగా పొడిగాలి తిరిగిన పూటల్లో మాత్రమే సరుకు దించమన్నాను. తడిసిన బస్తాలను ఖాదర్ మనుషులు సేఠ్ గోదాము పైకప్పు మీద పరిచి ఎండబెట్టారు. వాటికి తరుగు బకారీ వాళ్ళే భరించారు. అది న్యాయమే. బియ్యం కొంత తగ్గింది కాని ఆగలేదు.

వెళ్ళేముందు బకారీ నన్నొక మాట అడిగాడు. ఆ వాడుక మానుకోవాలా అని. మానక్కర లేదు, ఒక్క బస్తా పైకి తెచ్చి డెక్ మీద విప్పితే వాసన చాలని చెప్పించాను. ఖాదర్ ఆ మాటకు ఏం కలిపాడో తెలియదు, ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ ఉద్యోగంలో నాకు బాగా పట్టుబడిన పాఠం ఇది. "సరుకు తడిసింది" అన్నది కంటికి కనిపించే సంగతి, అంతటితో అది రిపోర్టు కాదు. ఎక్కడ తడిసింది, ఎప్పుడు తడిసింది, తడవని చోటు ఎందుకు తడవలేదు అన్నవి తేలాలి. అవి తేలాలంటే పరికరాలతో పాటు, తనకు నష్టమని తెలిసీ జరిగింది చెప్పే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి చెప్పింది నిజమని అందరికీ చూపించడం సర్వేయరు వంతు.

నౌక బయలుదేరేటప్పుడు దాని ఒంటి మీద గీసిన అంకెలు చూసి, ఎంత లోతు మునిగిందో రాసుకోవడం నా చివరి పని. వచ్చినప్పటి కంటే బాగా లోతుగా, బియ్యం బరువుతో మునిగి ఉంది. ఆ అంకె రాసి సంతకం పెట్టాను.