ఎనిమిదో పాటలో సైరన్

మామ పోయాడన్న కబురు నాకు కాలేజీ గేటు దగ్గర అందింది. పరీక్ష రాసి బయటికి వస్తున్నాను. చిన్నాన్న ఫోన్ చేసి, "మన పక్కింటి మామ లేడు బిడ్డా" అన్నాడు. మొదటి షిఫ్టుకు పోదామని మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడట. ఒక బూటు లేసు కట్టుకున్నాడు. రెండోది కట్టుకోలేదు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా ఊరు తెలుగు సరిహద్దుకు అవతల, భేజ్జి వైపు. నాన్న వరి పండిస్తాడు, ఎండాకాలం ఇంటిల్లిపాదీ తునికాకు కోస్తాం. చదువు కోసం నన్ను ఇనుపరాయి తవ్వే కొండ కింద టౌన్‌షిప్‌కు, చిన్నాన్న క్వార్టర్‌కు పంపారు. పక్క క్వార్టర్ మామది. ఆయనదీ మా వైపే, కోంట దగ్గర. గనిలో షావెల్ నడిపేవాడు. ఇల్లంత యంత్రం అది. పెద్ద బకెట్‌తో రాయి ఎత్తి డంపర్ లారీల్లో పోస్తుంది. మొదటి రోజే నన్ను చూసి, "ఏందే కోడలా, అన్నం తింటవా, ఉట్టి పుస్తకాలే నములుతవా?" అన్నాడు. అప్పటి నుంచి ఆయన మామ, ఆయన భార్య అత్త.

నా బడి చదువంతా హిందీలోనే సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే కానీ రాయడం నాకు రాదు. నేర్పింది అత్త. బియ్యం ఏరే చాటలో బియ్యం పరిచి, వేలితో అక్షరం రాయించేది. తప్పు రాస్తే చాట ఒక్కసారి కుదిపేది, అక్షరం పోయేది. "ఇప్పుడు సక్కగ రాయి" అనేది. అలా ఒక వర్షాకాలంలో నాకు తెలుగు వచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. గనిలో మధ్యాహ్నం పూట రాయి పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది, కాసేపటికి పేలుడు. మా క్వార్టర్లు కొండకు దగ్గరి వరసలో ఉంటాయి కనుక కిటికీలు అదురుతాయి, వంటింటి అలమారలో గిన్నెలు మోగుతాయి, అంచున ఉన్నవి కింద పడతాయి. అందుకని సైరన్ వినగానే మా వరసలో ఆడవాళ్ళు ఎక్కడున్నా లేచి వెళ్ళి అలమార పట్టుకుంటారు. ఎవరూ నేర్పరు, ఎవరూ దాని గురించి మాట్లాడరు. మామ ఇంట్లో ఉన్న రోజు మాత్రం సైరన్ వినగానే ముందు గదిలోంచి అరిచేవాడు: "గిన్నెలు పట్టుకోయే!" అత్త అప్పటికే పట్టుకుని ఉండేది. "ముప్పై ఏండ్ల సంది పట్టుకుంటనే ఉన్న, ఇంకా చెప్పుడేంది?" అని అక్కడి నుంచే అనేది. పేలుడు అయిపోయేది. ఆ గోడ అవతల ఒక్క గిన్నె మోగేది కాదు.

అత్తకు గుండె జబ్బు వచ్చింది. విశాఖపట్నం తీసుకుపోయి చూపించమని డాక్టర్ చెప్పాడు. అదే వారం గనిలోకి కొత్త షావెల్ వచ్చింది. దాని మీద మొదట తనే కూర్చోవాలని మామకు ఆశ. "సోమవారం పోదం" అన్నాడు. రైలు టికెట్లు తెచ్చాడు, బట్టల సంచి సర్ది తలుపు దగ్గర పెట్టాడు. అత్త శనివారం పోయింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. భద్రాచలంలో నర్సు. నేను అక్క అంటాను. దినాలు అయ్యాక వెళ్ళిపోతూ వాకిట్లో నిలబడి ఆమె అన్న మాట వరసంతా విన్నది: "నువ్వు అమ్మను కాదు నాయనా, ఆ కొండను పెండ్లి చేసుకున్నవ్." ఆ తర్వాత రెండేళ్ళు అక్క ఈ ఇంటికి రాలేదు, మామతో మాట్లాడలేదు. మధ్యాహ్నం సైరన్ మోగితే మాత్రం గోడ అవతల గిన్నెలు మోగేవి. నేను ఇవతల మా అలమార పట్టుకుని వినేదాన్ని.

మామ దగ్గర పాత గిటార్ ఒకటి ఉండేది. వయసులో ఉన్నప్పుడు టౌన్‌షిప్ ఆర్కెస్ట్రాలో గణేశుడి పందిళ్ళ దగ్గర వాయించేవాడు. బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరు పారేసిన క్యాసెట్ల పెట్టెలోంచి అట్టలేని ఇంగ్లీషు క్యాసెట్ ఒకటి తెచ్చుకున్నాడు. రాక్ పాటలు. ఒకే ఒక్క గొంతు, నింపాదిగా మొదలై, చివరికి గిటార్‌తో కలిసి గొల్లుమనేది. మామకు ఇంగ్లీషు ముక్క రాదు. "ఏం పాడుతుండో తెల్వది గాని కోడలా, ఈయనతోని ఈయన పెండ్లాం మాట్లాడుతలేదు. అది మాత్రం తెలుస్తున్నది" అనేవాడు.

అత్త పోయిన మరుసటి ఏడు ఒక రోజు నన్ను పిలిచాడు. ఒళ్ళో గిటార్, కొత్త తీగలు.

"నాకు రాగాలు వచ్చినయే. మాటలు రాలే. నువ్వు నోట్‌బుక్ నిండ మాటలు రాస్తవంట గదా?"

"ఏం పాటలు మామా?"

"ఆ ఇంగ్లీషాయన లెక్క. ఎనిమిది పాటలు. మేం కలిసిన కాడ మొదలుపెట్టి, ఆమె పోయిన కాడ ఆపుడు." కాసేపు తీగ సవరించాడు. "బిడ్డ ఒక్కసారి ఇంటే చాలు. ఎదురుంగ చెప్పుడు నాకు చాతకాదు."

ఎవరి కోసమో, ఎందుకో అప్పుడు తెలిసింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అప్పుడే మాటల పిచ్చి పట్టిన రోజులు. ఒక పాత నిఘంటువు సంపాదించి, వినడానికి గంభీరంగా ఉన్న మాటనల్లా రాసుకునేదాన్ని. మూడు రోజులు కూర్చుని చివరి పాటకు మొదటి చరణం రాసి పట్టుకెళ్ళాను. 'కాలగర్భమున కరిగిన నా ఆశాదీపమా' అని మొదలుపెట్టాను.

మామ రెండుసార్లు విన్నాడు. నవ్వలేదు, పాపం. "మంచిగుంది. గాని మీ అత్తతో నేను ఇట్ల అంటే ఏమంటది?"

నేను ఆలోచించాను.

"బియ్యం ఏరుకుంటనే, 'జరం వచ్చిందా?' అంటది" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

మా పని పద్ధతి అదే అయింది. ప్రతి మాటనూ అత్త ముందు పెట్టి చూడాలి. ఆమె 'జరం వచ్చిందా' అంటుందనుకుంటే కొట్టేయాలి. రెండో నియమం ఆయన యంత్రం దగ్గరిది. "బకెట్‌ల ఎంత పడితే అంతే ఎత్తాలె. ఎక్కువ ఎత్తినవనుకో, డంపర్ డ్రైవర్ నెత్తిన పడుతది." ఆయన షావెల్ నాలుగు బకెట్లు పోస్తే డంపర్ నిండుతుంది, హారన్ కొడితే డ్రైవర్ కదిలిపోతాడు. కనుక మా చరణానికి నాలుగే పాదాలు. నాలుగో పాదం కుదరగానే మామ నోటితో "పాఁం" అని హారన్ కొట్టేవాడు. అది వినడం కోసం నేను నిఘంటువు మూసేశాను. ఆ శబ్దం కంటే పెద్ద బహుమతి నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

మొదటి పాట సంతలో చింతపండు అమ్ముతున్న అత్తను ఆయన మొదటిసారి చూసిన రోజు. మూడో పాట టిఫిన్ డబ్బా గురించి. కోపం వచ్చిన రోజు అత్త మాట్లాడేది కాదట, డబ్బా మూత మాత్రం బిగించి పంపేదట.

మూత బిగించి పంపినవంటే
పొద్దుటి కోపం పోలేదు
కొండ మీద కూసున్న నాకు
ఆకలేమో ఆగలేదు

డ్రమ్స్ వాయించడానికి మామ దోస్తు వచ్చేవాడు. డంపర్ డ్రైవర్, జగదల్‌పూర్ వైపు మనిషి, ఇంట్లో హల్బీ, మాతో హిందీ మాట్లాడతాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. "మామా, యే రోనే కా గానా హై కి నాచ్‌నే కా?" అని ప్రతి పాటకూ ముందే అడిగేవాడు, ఏడవడానికా ఆడటానికా అని. మామ, "పహలే నాచ్, బాద్ మే రో" అనేవాడు. ఆయన సరేనని తల ఊపి అలాగే వాయించేవాడు. ముందు ఆట, తర్వాత ఏడుపు. ఎనిమిది పాటలూ నిజంగానే అలా వచ్చాయి.

రికార్డింగ్ నా ఫోన్‌లో. మామ ముందు గది స్టూడియో, తలుపుకు రెండు దుప్పట్లు. అందరికీ సెలవు కలిసిన రోజుల్లో పొద్దున్నే మొదలుపెట్టి సైరన్ మోగేలోపల ముగించాలని మా ఒప్పందం. ఏడు పాటలు అలాగే అయ్యాయి. ఎనిమిదో పాట రోజున గిటార్ తీగ తెగింది. కొత్త తీగ వేసి సవరించేసరికి ఆలస్యమైంది. గడియారం ఎవరూ చూడలేదు.

సోమవారం పోదమన్న
శనివారమే పోయినవు
రైలు టికెట్టు నా జేబుల
బట్టల సంచి తలుపు కాడ

ఆ రోజు మామ పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. రెండో చరణంలో ఉన్నాడు. సైరన్ మోగింది. గిటార్ మీద చెయ్యి ఆగింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. వంటింటి వైపు తల తిప్పి గట్టిగా అరిచాడు:

"గిన్నెలు పట్టుకోయే!"

ఎవరూ లేవలేదు. నేను లేవాల్సింది. కాసేపటికి పేలుడు వినిపించింది, వంటింట్లో గిన్నెలు మోగాయి, ఒక స్టీలు గ్లాసు కింద పడి చాలా దూరం దొర్లింది. అది ఆగేదాకా ముగ్గురం వింటూ కూర్చున్నాం. డ్రైవర్ భయ్యాకు తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమైంది. పుల్లలు నేల మీద పెట్టేశాడు.

మామ కళ్ళు తుడుచుకుని, "అది తీసెయ్ కోడలా. మల్ల పాడుత" అన్నాడు.

తీసేస్తానన్నాను. మళ్ళీ పాడాడు. శుభ్రంగా వచ్చింది. ఎనిమిది పాటలూ మెమరీ కార్డులోకి ఎక్కించి, కాగితంలో చుట్టి, భద్రాచలం పోయేవాళ్ళతో అక్కకు పంపాడు. రోజూ డ్యూటీ నుంచి రాగానే, "ఫోన్ వచ్చిందా?" అని నన్ను అడిగేవాడు. పది రోజులకు అక్క నాకే ఫోన్ చేసింది. "నాకు పాటలొద్దు చెల్లె. పాటలో మంచిగ చెప్పుడు అందరికీ వస్తది. ఇంట్ల ఒక్క మాట మంచిగ అన్నడా అమ్మను?" ఆ మాట నేను మామకు చెప్పలేదు. "ఇంకా వినలేదంట మామా, పని ఎక్కువుందంట" అన్నాను. "నర్సు గదా, ఉంటది, ఉంటది" అన్నాడు. ఇంకో రెండు నెలలకు, ఒక లేసు కట్టుకుని, వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. తీసేస్తానని మామకు మాటిచ్చిన ఆ రికార్డింగ్ నేను తీసేయలేదు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. మేమిద్దరం నోట్‌బుక్ నిండా వెతికిన మాట అదేనని ఎక్కడో తెలిసింది. అత్త ముందు పెట్టి చూస్తే కొట్టేయక్కర్లేని మాట. బకెట్‌లో సరిగ్గా పట్టే మాట. నాకు అక్షరం అత్త ఇచ్చింది. ఏ అక్షరం ఉంచాలో, దేన్ని కొట్టేయాలో మామ నేర్పాడు. ఈ నాలుగు పేజీలు రాయగలిగానంటే ఆ ఇద్దరి పుణ్యమే. ఇందులో ఎక్కడైనా 'ఆశాదీపం' దూరి ఉంటే ఆ తప్పు నాది.

అక్క వచ్చింది. చేయాల్సినవన్నీ చేసింది. ఏడవలేదు. మూడో రోజు మధ్యాహ్నం, చుట్టాలు కొంచెం పలచబడ్డాక, ముందు గదిలో ఒంటరిగా కూర్చుని ఉంది. గిటార్ గోడకు ఆనించి ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఒక్కటి వింటవా? పాట కాదు."

"పాట కాకుంటే ఏంది?"

"విను."

ఫోన్ పెట్టాను. సోమవారం అన్న మాట రాగానే ఆమె ముఖం తిప్పుకుంది. నేను ఆపలేదు. సైరన్ వచ్చింది. మామ అరుపు వచ్చింది. తర్వాత గిన్నెలు, తర్వాత ఆ గ్లాసు, దొర్లుతూ, దొర్లుతూ.

"అమ్మ పోయినంక ఎన్ని రోజులకు పాడిండు ఇది?" అని అడిగింది.

"రెండేండ్లకు."

ఫోన్ వైపు చూసింది. "పిచ్చోడు" అంది. "ఇంకోసారి పెట్టు."

నేను వెనక్కి జరుపుతున్నాను. అంతలో కొండ మీద నిజం సైరన్ మోగింది.

అక్క లేచింది. ఎవరూ చెప్పలేదు. గబగబా వంటింట్లోకి నడిచి, వాళ్ళమ్మ నిలబడే చోటే నిలబడి, రెండు అరచేతులూ అలమారకు ఆనించి పట్టుకుంది. తల కిందికి వంచుకుంది. ముందు గదిలోంచి నాకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. పేలుడు వచ్చింది. కిటికీలు అదిరాయి. గోడకు ఆనించిన గిటార్‌లో ఒక తీగ తనంతట తాను సన్నగా మోగి ఆగింది.

గిన్నెలు మోగలేదు. ఒక్కటి కూడా.