లారీ పక్కన నిలబడ్డ మేస్త్రి

మొన్న ఆదివారం పొద్దున ఎ.కొండూరు నుంచి ఫోను వచ్చింది. మా మామిడికోతల మేస్త్రి నిద్రలోనే పోయారట. నాకంటే పదిహేనేళ్లు పెద్దయినా, బతికున్నన్నాళ్లూ ఆయన్ని ‘నువ్వు’ అనే అన్నాను. ఇప్పుడు గౌరవంగా రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

మాది తిరువూరు. రెడ్డిగూడెం దగ్గర తోటలు గుత్తకు తీసుకుని, కాయ కోయించి మార్కెట్‌కి తోలడం మా పని. మేస్త్రి ఇరవై మంది కూలీలతో వచ్చేవారు. చెట్టు కింద నిలబడి ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు, ఏ కొమ్మ ఈ రోజు కోయాలో, ఏ కొమ్మ వారం ఆగాలో చెప్పేసేవారు. కాయ నేలకు తగిలితే ఊరుకునేవారు కాదు. “పసిపిల్లని దించినట్టు దించండ్రా!” అని కేకలు. టీ వస్తే మాత్రం మొదటి గ్లాసు చెట్టెక్కినవాడికే.

మా దగ్గర ఒక పాడు అలవాటుండేది. లారీలో గడ్డి పరిచి కాయ పోశాక దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. అందుకని మనుషులు బంపరు మీదో, పక్కన బాడీ పట్టుకునో వేలాడుతూ తారురోడ్డు దాకా వచ్చేవారు. తోటలోనేగా, ఏమవుతుందిలే అనుకునేవాళ్లం.

ఒక వేసవి మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. వానలోపు పక్క తోట కాయ కూడా దించాలి. మేస్త్రి నాతో రావాలి. లారీ నడిపేది నేనే. నా పక్క సీట్లో, మా బావమరిది ఇంటికి పంపాలని నేను ఏరి పెట్టుకున్న బంగినపల్లి ట్రేలు రెండున్నాయి.

“పక్కన పట్టుకుని నిలబడు మేస్త్రీ, ఎంతసేపు!” అన్నాను.

ఆయన ట్రేల వైపు చూశారు. నా తలుపు వెనక ఇనుప మెట్టు మీద కాలు పెట్టారు.

ఇరుకు డొంకదారి. అటూ ఇటూ ముళ్లకంచె. గాలికి దుమ్ము లేచి ముందేమీ కనపడటం లేదు. అయినా నేను స్పీడు తగ్గించలేదు. మలుపులో ఎదురుగా ట్రాక్టరు, దానికి తగిలించిన ఖాళీ ట్రక్కు.

“ఆపండి బాబుగారూ, ఆపండి!” మేస్త్రి అరిచారు.

రెండు బళ్లూ పక్కపక్కన పడతాయనుకున్నాను. లారీ పట్టే జాగా చూశాను గానీ, లారీ బయట ఉన్న మనిషి పట్టే జాగా చూడలేదు. ట్రక్కు గుంతలో పడి మా వైపు ఊగింది. రేకు గీసుకున్న చప్పుడు. అద్దంలో మేస్త్రి లేరు.

దిగి చూస్తే కుడి మోకాలి కింద పంచె ఎర్రగా తడిసిపోయి ఉంది. ఆయన్ని ఎక్కించడానికి ట్రేలు తీసి కంచెలోకి విసిరేశాను. అప్పటికి గానీ ఆ సీటు ఖాళీ కాలేదు. తిరువూరు ఆసుపత్రి దాకా “కాలుందా బాబుగారూ?” అని అడుగుతూనే ఉన్నారు. “ఉంది, ఉంది” అంటూ నడిపాను. విజయవాడలో మోకాలి కిందికి తీసేశారు.

పోలీసులు అడిగితే, “వద్దన్నా నేనే నిలబడ్డానండి” అని చెప్పారు. ఎందుకలా చెప్పావని తరవాత అడిగాను. “మీరు లోపలికెళ్తే తోట ఎవరు కోయిస్తారు? ఇరవై కుటుంబాలండీ” అన్నారు. నేను కాదనలేదు. ఊరంతా అదే నమ్మింది.

మళ్లీ సీజనుకి చంకలో కర్రతో వచ్చారు. రాగానే లారీ తాళం అడిగి తీసుకుని మొల్లో దోపుకున్నారు. కూలీలందరూ వేరే బండిలో కూర్చునేదాకా ఇచ్చేవారు కాదు. నేను విసుక్కుంటే, “కాయ నలిగితే జ్యూసు ఫ్యాక్టరీకి పోద్ది. మనిషి నలిగితే ఎక్కడికి తోలతారు?” అనేవారు. అందులో నా మీద కోపం ఎంతుందో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆదివారం వాళ్ల వాకిట్లో నాకు కుర్చీ వేశారు. ఆయన కూతురు వచ్చినవాళ్లకి చెప్తోంది.

“మా నాన్న మొండోడండి. బాబుగారు లోపల కూర్చోమన్నా వినకుండా పక్కన నిలబడ్డాడంట.”

అందరూ తలలూపుతున్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక ఎప్పటికీ అదే నిజమైపోతుంది.

“నేను కూర్చోమనలేదమ్మా,” అన్నాను. “సీట్లో కాయలు పెట్టుకున్నాను. పక్కన నిలబడమని నేనే చెప్పాను. ఆపమని అరిచినా ఆపలేదు.”

ఆ అమ్మాయి నా కుర్చీ దగ్గరకి వచ్చింది.

“మా అమ్మకి వినపడదండి,” అంది. “గట్టిగా చెప్పండి.”

వసారాలో ఆయన తల దగ్గర కూర్చున్న పెద్దావిడ, చెవి మీది కొంగు తీసి నా వైపు తిరిగింది.