మళ్లీ ఆ దేశంలోకి

మాది భిలాయి పక్కన మరోదా. గల్ఫ్‌లో ఒక పెద్దావిడను కనిపెట్టుకుని ఉండే పని చేసేదాన్ని. ఏజెంటు నా వీసా పొడిగించకుండానే పొడిగించానని చెప్పి మోసం చేశాడు. పోలీసులు పట్టుకుని, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రాకుండా నిషేధం పెట్టి ఇండియాకు పంపేశారు. ఆవిడకు ఒక్క మాటైనా చెప్పి రాలేకపోయాను.

నాలుగేళ్ల తర్వాత నా మీద నిషేధం ఎత్తేశారు. ఆవిడ కూతురే సరైన వీసా పంపింది. తీరా అక్కడి ఎయిర్‌పోర్టులో వేలిముద్ర పెట్టగానే అధికారి నన్ను పక్కన కూర్చోబెట్టాడు. మా ఆయనకు ఫోన్ చేశాను.

"మళ్లీ ఆపేసినారు. ఏటి చెయ్యను?"

"కాగితాలన్నీ ఉన్నాయి కదా. ఏటీ దాచకు, జరిగింది జరిగినట్టు చెప్పీ."

నాకొచ్చిన హిందీలో అంతా చెప్పి, నిషేధం ఎత్తేసిన కాగితం చూపించాను. అధికారి రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. "జావో, దీదీ" అన్నాడు, వెళ్లు అక్కా అని.

ఇంటికెళ్లేసరికి పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, బజారుకెళ్లి ఆలస్యంగా వచ్చినదాన్ని అడిగినట్టు, నా దగ్గర నేర్చుకున్న హిందీలో "ఇత్నీ దేర్?" అంది, ఇంత ఆలస్యమా అని.

చెప్పకుండా పోయానని నన్ను తిట్టుకుంటోందేమోనని నాలుగేళ్లు కుమిలిపోయాను. ఆవిడ మాత్రం నేను వస్తాననే అనుకుంది.